ఫలం కనబడని ఏళ్ళలో మిషనరీ నిబ్బరంగా ఉండాలంటే

ఊరు కాని ఊళ్ళో, మనది కాని భాషలో, కొన్నేళ్ళుగా సువార్త పనిలో ఉన్నారనుకుందాం. ఆదివారం కూడికకి వచ్చేది మీ ఇంటివాళ్ళు, ఒక ముసలమ్మ, ఆమె కొంగు పట్టుకుని వచ్చే మనవడు. నెలాఖరుకి రిపోర్టు పంపాలి. అందులో "కొత్త విశ్వాసులు" అని ఒక గడి ఉంటుంది. అన్నీ రాసి ఆ గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది. పోయిన నెలా సున్నాయే, అంతకుముందు నెలా సున్నాయే.

"ప్రార్థన చేయండి బ్రదర్, దేవుడు చూసుకుంటాడు" అనేవాళ్ళు మీకిప్పటికే చాలామంది ఉంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ సోమవారం పొద్దున్నే లేచి ఏం చేయాలో అది చెప్పదు. ఇక్కడ రాసేవి ఆ సోమవారం పనులు. ఒక వరుసలో రాశాను, వరుస ముఖ్యం. మొదటిది వదిలేసి నాలుగోదానికి పోతే ఉపయోగం ఉండదు.

1. ముందు ఒంటి సంగతి చూడండి

బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి ఇక చాలు, ప్రాణం తీసుకో అన్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి తలదగ్గర పెట్టాడు. తిని మళ్ళీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండకి ప్రయాణం, అక్కడ దేవుడి మెల్లని స్వరం అన్నీ ఆ తర్వాతే. మనం మాత్రం నీరసంగా ఉన్న సేవకుణ్ణి చూడగానే ముందు ఉపవాసం ఉండమంటాం!

కాబట్టి ఆశ పోయిందని తీర్మానించేముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఏజెన్సీ ప్రాంతాల్లో ఉన్నవారికి మలేరియా వచ్చిపోతూ ఉంటుంది, ఒళ్ళంతా లాగేసినట్టుంటుంది, దాన్నే చాలామంది "ఆత్మీయంగా చల్లబడ్డాను" అని చెప్పుకుంటారు. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. మీతోపాటు మీ ఇంటావిడకీ చేయించండి. ఆవిడ అడగదు, మీరే తీసుకెళ్ళాలి.

వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు పెట్టుకోండి. సేవకుడికి ఆదివారం సెలవు కాదు, అది అన్నిటికన్నా బరువైన రోజు. సోమవారమో సంత లేని ఇంకో రోజో ఎంచుకోండి. ఆ రోజు గృహ దర్శనాలు లేవు, ఫోనులో ప్రార్థనలు లేవు. ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే తప్ప గడప దాటొద్దు.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా మనసు పోకపోవడం రెండు వారాలకి మించి ఉంటే అది విశ్వాసం తగ్గడం అనుకోకండి, డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

2. ఏం జరుగుతుందనుకుని వచ్చారో కాగితం మీద పెట్టండి

ఒక గంట తీరిక చేసుకుని రాయండి. బయల్దేరేటప్పుడు ఎన్నేళ్ళలో ఏం జరుగుతుందనుకున్నారు? ఆ లెక్క ఎవరిది? మీదా, కమిటీదా, మిమ్మల్ని సమర్పణ కూడికలో నిలబెట్టి చేతులుంచి ప్రార్థించిన ప్రసంగీకుడిదా? "మూడేళ్ళలో సంఘం, అయిదేళ్ళలో మందిరం" అన్న మాట చాలామందికి తెలియకుండానే లోపల కూర్చుని ఉంటుంది. దాన్ని ఎవరూ దేవుడి దగ్గర్నుంచి తేలేదు, ఒక దరఖాస్తు ఫారంలోంచి వచ్చింది.

తర్వాత మూడు వరుసలు గీయండి. మొదటి దాంట్లో పూర్తిగా మీ చేతిలో ఉన్నవి: భాష నేర్చుకోవడం, వెళ్తానన్న రోజు వెళ్ళడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, ఇంట్లో ప్రేమగా ఉండడం. రెండో దాంట్లో ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నవి: వినడం, రావడం, ఊరి పెద్దలు ఒప్పుకోవడం. మూడోది దేవుడి చేతిలో ఉన్నది, మనసు మారడం. పౌలు కొరింథీయులకి నాటింది నేను, నీళ్ళు పోసింది అపొల్లో, ఎదిగించింది దేవుడు అని రాసినప్పుడు చేసింది ఇలాంటి పంపకమే. మీ రాత్రి నిద్ర పాడుచేస్తున్నది ఏ వరుసలో ఉందో చూసుకోండి. చాలాసార్లు రెండో మూడో వరుసల్లోది ఉంటుంది. ఇక నుంచి మీ పనిని మొదటి వరుసతోనే కొలుచుకోండి. ఈ కొలతలో ఒక కష్టం ఉంది, తప్పించుకోవడానికి వీలుండదు. పోయిన నెల భాషకి ఎన్ని గంటలు పెట్టారన్న ప్రశ్నకి "జనం కఠినాత్ములు" అన్నది జవాబు కాదు కదా.

3. ఒక నోటు పుస్తకం పెట్టండి

అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే, అందుకే దీనిమీద కాస్త నిలబడతాను.

రెండు వందల పేజీల మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. ఫోనులో వద్దు, ఫోన్ తీస్తే ఇంకేవో చూస్తాం. రోజూ పడుకునేముందు నాలుగైదు లైన్లు రాయండి. ఎవరిని కలిశారు, వాళ్ళేమన్నారు, మీరేం మాటిచ్చారు. మీ అభిప్రాయాలు, మీ ప్రార్థనలు ఇందులో రాయకండి. మనుషుల పూర్తి పేర్లు కూడా వద్దు, మొదటి అక్షరమో ఒక గుర్తో చాలు. పుస్తకం ఎవరి చేతిలో పడినా ఏ ఇంటికీ ఇబ్బంది రాకూడదు.

ఇలా ఉంటుంది:

"మంగళవారం. సంతలో ఉల్లిపాయలమ్మే అక్క. పోయిన నెల పలకరిస్తే తల తిప్పుకుంది. ఇవాళ తనే 'పాపకి జ్వరం తగ్గిందా' అనడిగింది. గురువారం వాళ్ళింటికి ఇద్దరం వెళ్ళాలి."

"శుక్రవారం. కె. మామ. 'చనిపోయినోళ్ళకి మీరు అన్నం పెట్టరంటగదా, వాళ్ళకి కోపం రాదా?' సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మొన్న దసరాకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మ సమాధి దగ్గర పూలు పెట్టిన సంగతి చెప్పాను. అది విని కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇంకోసారి రమ్మన్నాడు."

మూడు నెలలకొకసారి ఇంట్లో ఇద్దరూ కూర్చుని మొత్తం చదవండి. బాప్తీస్మాల కోసం వెతక్కండి. ఈ మూడు చూడండి. మొదటిది, ముందుగా పలకరిస్తున్నది ఎవరు, మీరా వాళ్ళా? రెండోది, వాళ్ళడిగే ప్రశ్నలు మారాయా? మొదట్లో ఎక్కడైనా అడిగేవి "మీకు జీతం ఎవరిస్తారు, ఎంతిస్తారు" అన్నవే. కె. మామ అడిగినలాంటి ప్రశ్న రావాలంటే ఆయన ఇంటికెళ్ళి రాత్రి మీ సంగతి ఆలోచించి ఉండాలి. మూడోది, కష్టమొచ్చినప్పుడు మిమ్మల్ని పిలిచారా? పెళ్ళికి ఎవరినైనా పిలుస్తారు. అర్ధరాత్రి నొప్పులొస్తే, ఇంట్లో శవం ఉంటే పిలిచేది నమ్మినవాళ్ళనే.

రోజూ చూస్తుంటే పిల్లలు పెరగడం తల్లికి కనబడదు, వేసవి సెలవులకి వచ్చిన మేనత్తకి కనబడుతుంది. ఈ పుస్తకం మీకు మేనత్తలాంటిది. ఒకవేళ మూడు నెలలు చదివినా పై మూడింట్లో ఏదీ కదలలేదనుకోండి, అదీ పనికొచ్చే సమాచారమే. ఏం చేయాలో చివర చెప్తాను.

4. భాష దగ్గర గెలుపు వెతుక్కోండి

ఫలితం మన చేతిలో లేని పనిలో ఉన్నవాడికి, కష్టపడితే ఖచ్చితంగా ఫలితం కనబడే పని ఒకటి పక్కన ఉండాలి. లేకపోతే మనసు ఎండిపోతుంది. మిషనరీకి అది భాష. కువి, గోండి, సవర, ఒడియా, ఏదైనా సరే. చాలామంది మనవాళ్ళు తెలుగో హిందీయో తెలిసిన ఒకరిని పక్కన పెట్టుకుని తర్జుమాతో ఏళ్ళు గడిపేస్తారు. తర్జుమాలో ప్రసంగం వెళ్తుంది, స్నేహం వెళ్ళదు.

తిరునల్వేలి జిల్లా నుంచి తెలుగు నేలకి మిషనరీగా వచ్చిన వి. ఎస్. అజరయ్య 1874లో పుట్టారు, 1909లో దోర్నకల్ చేరారు. అంటే ముప్పై అయిదేళ్ళ వయసులో, తమిళుడై ఉండి, తెలుగులో పని మొదలుపెట్టారు. 1912లో బిషప్ అయ్యారు. నాకు వయసైపోయింది, కొత్త భాష నోటికి రాదు అనేవాళ్ళకి ఆ పేరు గుర్తుచేస్తుంటాను.

వారానికి పది కొత్త వాక్యాలు, మాటలు కాదు, వాక్యాలు. ఊళ్ళో ఒక పెద్దావిడని గురువుగా పెట్టుకోండి, పిల్లలైతే నవ్వి పారిపోతారు. ఆవిడకి గౌరవంగా ఏదైనా ఇవ్వండి. నేర్చుకునేవాడిగా వెళ్ళినప్పుడు ఇంటి లోపలికి పిలుస్తారు, చెప్పేవాడిగా వెళ్తే అరుగు దాకానే. వాళ్ళ జోకు ఎవరూ విడమర్చకుండా మొదటిసారి మీకు అర్థమైన రోజు పుస్తకంలో తేదీతో రాసుకోండి.

5. రిపోర్టు ఉన్నదున్నట్టు రాయండి

ఆశని చంపేది సున్నా కాదు, సున్నాని దాచడం. ఒకసారి "ఆరుగురు ఆసక్తి చూపుతున్నారు" అని రాస్తే, వచ్చే నెల ఆ ఆరుగురు ఏమయ్యారో రాయాలి. తర్వాత మీ గురించి మీరే కట్టిన కథని మోస్తూ తిరగాలి. కూడికలో చేతులెత్తిన ఫొటోలు పంపడం మొదలైతే ఇక అంతే, చేతులు ఎత్తించడం కోసమే కూడికలు పెట్టాల్సి వస్తుంది.

ఇలా రాస్తే చాలు:

"ప్రార్థన భాగస్వాములకి వందనాలు. ఈ నెల బాప్తీస్మాలు లేవు, కూడికకి కొత్తగా ఎవరూ రాలేదు. వానలకి రెండు వారాలు వాగు దాటలేకపోయాం. అవతలి ఊళ్ళో ఒక ఇంట్లో చావు జరిగితే మాకు కబురు పెట్టారు, మూడు రోజులు వాళ్ళతోనే ఉన్నాం. ఒక ఉపమానం కాగితం చూడకుండా వాళ్ళ భాషలో చెప్పగలుగుతున్నాను, క్రియల దగ్గర ఇంకా తడబడుతున్నాను. మా ఇంట్లో ఆమెకి రక్తం తక్కువగా ఉందన్నారు, మందులు వాడుతోంది. పిల్లవాడి హాస్టల్ ఫీజు ఇంకా కట్టలేదు. ఒక పెద్దాయన పితరుల గురించి అడిగిన ప్రశ్నకి జవాబు వెతుకుతున్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే రాయండి."

దీనికి డబ్బు ఆగిపోతుందేమోనని భయం సహజం. ఒకరిద్దరు ఆపేయొచ్చు కూడా. కానీ ఇలాంటి ఉత్తరం చదివినవాళ్ళు నిజంగా ప్రార్థిస్తారు, ఎందుకంటే దేనికోసం ప్రార్థించాలో వాళ్ళకి తెలుస్తుంది.

పంపే సంఘాల పెద్దలకి ఒక మాట. మీ ఫారంలో "కొత్త విశ్వాసులు" గడి ఒక్కటే పెట్టి, వార్షిక సభలో ఎక్కువ అంకె ఉన్నవాళ్ళకి శాలువా కప్పితే, వచ్చే ఏడు అంకెలే వస్తాయి. భాష ఎంత వచ్చింది, కుటుంబం ఎలా ఉంది, ఈ నెల ఏం కష్టమైంది అని మూడు గడులు కలపండి. శాలువా అందరికీ కప్పండి, లేదా ఎవరికీ కప్పకండి.

6. ఒంగోలు కథ పూర్తిగా వినండి

మన సంఘాల్లో ఒంగోలు చెప్పని మిషన్ సభ ఉండదు. ఒక్క రోజులో 2,222 మందికి బాప్తీస్మం! చప్పట్లు. వింటున్న మిషనరీకి మాత్రం ఇంటికెళ్ళాక ఇంకా దిగులవుతుంది. ఆ కథని సగమే చెప్తారు కాబట్టి అలా అవుతుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1836లో ఈ దేశానికి వచ్చి 1840లో నెల్లూరు చేరాడు. 1849లో లైమన్ జ్యూయెట్ వచ్చి కలిశాడు. 1853 నాటికి ఫలితం ఎంత తక్కువంటే, అమెరికాలో సమావేశం పెట్టి తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చించారు. వాళ్ళ మ్యాపులో నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క ఉండేది, దాన్నిబట్టే "ఒంటరి నక్షత్రం" అన్న పేరొచ్చింది. 1862లో మళ్ళీ మూత మాట వచ్చింది. జ్యూయెట్ పట్టు వదల్లేదు.

ఈ మధ్యలో, 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే స్త్రీలున్నారు. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలుకి కాపురం వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. కొండెక్కినవాళ్ళు దిగి ఆ పన్నెండేళ్ళూ మామూలు పనే చేశారు.

ఇంకా చెప్పనివి ఉన్నాయి. క్లౌ పనికి తలుపు తెరిచిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఆయన సువార్త మొదట విన్నది ఈ మిషన్ వాళ్ళ నోట కాదు, అటువైపు పనిచేస్తున్న వేరే మిషన్ల వాళ్ళ నోట. అలా చెప్పినవాళ్ళ రిపోర్టులో ఆ రోజు ఏముండి ఉంటుంది? దారిన పోయే వ్యాపారి ఒకడు విని వెళ్ళాడని, అదీ రాస్తే. 1867 జనవరిలో పేరయ్య ప్రాంతంలో, తాళ్ళకొండపాడు చింతతోపులో, 28 మంది బాప్తీస్మం తీసుకున్నారు. ఈసారి మీ మాట విని "ఆలోచిస్తాలే" అని బస్సెక్కి పోయినవాణ్ణి నష్టం కింద రాసుకునేముందు ఇది గుర్తుంచుకోండి.

వచ్చినవాళ్ళెవరో కూడా చూడండి. క్లౌ దగ్గరికి మొదట్లో పై కులాలవారు వచ్చిపోతుండేవారు, ఆశ వాళ్ళమీదే ఉండేది. మాదిగలు రావడం మొదలయ్యాక వాళ్ళని చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ దంపతులు మాదిగలనే చేర్చుకున్నారు, పై కులాలవారు వెళ్ళిపోయారు. మీరు ఊరి సర్పంచి వైపు కళ్ళు పెట్టి, రోజూ వస్తున్న ఆ ముసలమ్మని, మనవణ్ణి లెక్కలో వేయడం లేదేమో ఒకసారి చూసుకోండి.

అసలు ముఖ్యమైనది కరువు. 1876లో మొదలైన కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. బాప్తీస్మం ఇవ్వమని జనం అడిగారు. ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు పని నడిచినంతకాలం ఆపేశాడు. కరువు సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేందుకేమీ లేనప్పుడు కూడా వాళ్ళు వస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తీస్మం ఇచ్చినవాళ్ళు ఆరుగురు మన దేశపు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. అంకె అందరికీ గుర్తుంది, ఆపిన ఆ నెలల సంగతి ఎవరూ చెప్పరు. ఆ నెలల రిపోర్టుల్లో కూడా "కొత్త విశ్వాసులు" గడిలో సున్నాలే కదా.

ఇది చదివి "నాకూ ఒక గుండ్లకమ్మ ఉంది" అనుకోవద్దు. అందరికీ ఉండదు. విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషన్ వాళ్ళిద్దరు, జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్, 1809లో ఒకరు 1810లో ఒకరు చనిపోయారు. వాళ్ళు తెలుగు చేయడం మొదలుపెట్టిన సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అచ్చుపుస్తకం వాళ్ళు చేత్తో పట్టుకోలేదు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదవడం నేర్చుకుంటే ఒకదాన్ని చూసి ఉబ్బడమూ ఉండదు, కుంగడమూ ఉండదు.

7. ఇంట్లో వాళ్ళని అడగండి, విడివిడిగా

ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ వచ్చాక మొదటి విశ్వాసి కృష్ణపాల్ బాప్తీస్మం 1800 డిసెంబరులో జరిగిందని, ఏడేళ్ళు ఓపిక పట్టాడని చెప్తారు. నిజమే. ఆయన భార్య డొరతీ సంగతి చెప్పరు. 1794లో వాళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది. 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆ ఏడేళ్ళ ఓపిక ధర అంతా ఒక్కరే కట్టలేదు.

నెలకోసారి మీ భార్యని, లేదా భర్తని, పిల్లలు లేనప్పుడు అడగండి: నీకెలా ఉంది, ఇక్కడే ఉండాలని నీకుందా, నేను చూడని కష్టమేదైనా ఉందా? జవాబుకి వాక్యంతో సమాధానం చెప్పకండి. వినండి, అంతే. "అమ్మగారు" అన్న పిలుపు తప్ప ఆవిడకంటూ ఒక పని ఉందా చూడండి. కుట్టుమిషనో, పిల్లల చదువో, ఆడవాళ్ళ కూడికో, ఆవిడ ఇష్టపడేది ఏదైనా.

పిల్లల్ని కూడా అడగండి. హాస్టల్లో ఉన్న పిల్లవాడు ఫోనులో "బాగున్నా నాన్నా" అంటే సరిపోదు, వెళ్ళి చూడండి.

8. వాట్సాప్ సాక్ష్యాలు మ్యూట్‌లో పెట్టండి

ఇది చిన్న సంగతే. రోజూ పొద్దున్న "నిన్న మా కూడికలో నలభైమంది" అన్న మెసేజ్ చూస్తూ మీ ముసలమ్మ దగ్గరకి ఉత్సాహంగా వెళ్ళలేరు. గ్రూపులోంచి బయటికి రానక్కర్లేదు, మ్యూట్ చేసి వారానికోసారి చూడండి. దానికి బదులు, కమిటీలో లేని, మీ జీతంతో సంబంధం లేని ఒక పెద్ద సేవకుణ్ణి ఎంచుకుని నెలకోసారి ఫోన్ చేయండి. ఆయన దగ్గర "ఈ నెల బైబిలు తెరవబుద్ధి కాలేదయ్యగారూ" అనగలగాలి. అలాంటి మనిషి దొరక్కపోతే దొరికేదాకా వెతకండి, ఈ జాబితాలో ఇది ఐచ్ఛికం కాదు.

9. పనికొచ్చే పని చేయండి, ఎరగా మాత్రం కాదు

ఒక అవ్వకి సంతకం నేర్పడం, పింఛను దరఖాస్తు నింపడం, జ్వరమొచ్చిన పిల్లని పీహెచ్‌సీకి తీసుకెళ్ళడం, ఇవి మొదలై పూర్తయ్యే పనులు. పూర్తయ్యే పనులు మనిషికి బలమిస్తాయి. వాళ్ళకీ నిజంగా అవసరం.

కానీ ఒక నియమం పెట్టుకోండి. సాయం చేసిన రోజు సువార్త చెప్పకండి. ఆశ చూపించి మతం మార్చడాన్ని నిషేధించే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి, ఒడిశాలో 1967 నుంచీ ఉంది. వాటిని చదివి పాటించండి. చట్టం సంగతి అలా ఉంచినా, సాయానికి బదులుగా వచ్చిన "అవును" నిజమైనదో కాదో మీకే ఎప్పటికీ తెలియదు. ఆ అనుమానంతో పనిచేసేవాడికి ఎంతమంది వచ్చినా నెమ్మది ఉండదు. సంతకం నేర్చుకున్న అవ్వ తర్వాత కూడా తన దేవుళ్ళనే మొక్కుకుంటే మీ పని వృథా కాలేదు. అవ్వకి సంతకం వచ్చింది.

10. ఒక తేదీ పెట్టుకుని కూర్చోండి

నిబ్బరం అంటే చచ్చేదాకా అక్కడే ఉండడం కాదు. రోజూ "ఉండాలా, వెళ్ళాలా" అని ఆలోచిస్తే ఉన్నన్నాళ్ళూ నరకం. అందుకే ఏడాదికి ఒక తేదీ పెట్టుకోండి, ఆ తేదీ దాకా ఆ ప్రశ్న ముట్టుకోకండి. ఆ రోజు మీరిద్దరూ, ఆ పెద్ద సేవకుడూ నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చోండి.

అడగాల్సినవి ఇవి. మొదటి వరుసలో రాసుకున్నవి నిజంగా చేశామా? ఆ మూడు గుర్తుల్లో ఏదైనా కదిలిందా? కదలకపోతే మనం ఉన్న వీధి మార్చాలా, పద్ధతి మార్చాలా, కలిసే మనుషుల్ని మార్చాలా? ఇంట్లో ఎవరి ఆరోగ్యమైనా దెబ్బతింటోందా? మన వల్ల ఊళ్ళో ఎవరికైనా ముప్పుందా? చివరి రెండింట్లో దేనికైనా అవునంటే మిగతావి చూడనక్కర్లేదు, సామాను సర్దుకోండి. అది ఓటమి కాదు. ఆ రెండూ కాకపోతే, ఒక్క పద్ధతి మార్చి ఇంకో ఏడాది చూడండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

వెళ్ళాలని తేలితే రాత్రికి రాత్రి వెళ్ళకండి. తర్వాత వచ్చేవాళ్ళ కోసం కొత్త పుస్తకంలో శుభ్రంగా రాసిపెట్టండి. వాగు ఏ నెలల్లో దాటలేం, సంత ఏ రోజు, ఏ ఇంట్లో కుక్క కరుస్తుంది, మనమీద కోపంగా ఉన్నదెవరు, ఎందుకు, ఏ పెద్దావిడ భాష ఓపిగ్గా నేర్పుతుంది, కె. మామ అడిగిన ప్రశ్న, దానికి ఇప్పటిదాకా చెప్పిన జవాబులు, ఎవరికేం మాటిచ్చి ఇంకా తీర్చలేదు. తీర్చగలిగినవి వెళ్ళేలోపు తీర్చండి. కొత్తవాళ్ళు వచ్చాక ఒక నెల కలిసి ఉండి, వాళ్ళని ఇల్లిల్లూ తిప్పి చూపించండి. ఉల్లిపాయలమ్మే అక్క దగ్గర మొదలుపెట్టండి, సంతలో అందరికీ కబురు ఆవిడే చేరవేస్తుంది.